మనిషి లేని ఫ్యాక్టరీ, చెరిగిపోని కాగితం

పారిశ్రామిక దృశ్యాల్ని గీసిన ఆధునిక చిత్రాలకు ఇవాళ 'ఆర్కైవల్ ప్రింట్లు' తీసి అమ్ముతున్నారు. మామూలు పోస్టరు నాలుగేళ్ళ ఎండకి వెలిసిపోతుంది. ఇవి అంత తొందరగా వెలవవు. ఆమ్లం లేని నూలు కాగితం మీద పిగ్మెంట్ సిరాతో అచ్చువేస్తారు. గట్టి వెలుతురు కింద పరీక్షించి నూరేళ్ళకు పైగా నిలుస్తాయని లెక్కగట్టి చెబుతారు. అన్నేళ్ళు నిలిచే కాగితం మీద ఎవరున్నారు, ఎవరు లేరు? మన కళావిమర్శ ఈ ప్రశ్న వేసుకోదు. రేఖల పొందిక గురించీ, వెలుగునీడల గురించీ మాట్లాడి వూరుకుంటుంది. చీమకుర్తి క్వారీల పక్కన నిలబడి చూసేవాళ్ళం గనక మనం అడక్క తప్పదు.

ఈ కోవలో ముందుగా వినబడే పేరు అమెరికన్ చిత్రకారుడు చార్లెస్ షీలర్. 1927లో ఫోర్డ్ కంపెనీ ప్రచారం కోసం డెట్రాయిట్ పక్కనున్న రివర్ రూజ్ కర్మాగారాన్ని ఫొటోలు తీశాడు. ఆ అనుభవంలోంచే 1930లో 'అమెరికన్ లాండ్‌స్కేప్', 1931లో 'క్లాసిక్ లాండ్‌స్కేప్' గీశాడు. పదుల వేలమంది పనిచేసిన చోటు అది. మొదటి బొమ్మలో రైలుపట్టాల దగ్గర చీమంత మనిషి వొకడు కనబడతాడు. రెండోదాంట్లో ఆ చీమ కూడా లేదు. సిమెంటు గాదెలు, పట్టాలు, నీడలు, ఆకాశం. బొమ్మ బాగోలేదని మేం అనడం లేదు. చాలా బాగుంది. పనిచేసే మనిషిని తీసేస్తేనే ఫ్యాక్టరీకి ఆ ప్రశాంతత వచ్చిందన్నది మా అభ్యంతరం.

'క్లాసిక్ లాండ్‌స్కేప్'ని 1932లో కొన్నది హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ ఫోర్డ్. అదే ఏడాది మార్చి 7న, పనులు పోయిన వేలమంది కార్మికులు రూజ్ గేటుకి ఆకలియాత్ర చేశారు. పని ఇవ్వాలి, వైద్యం చేయించాలి, నల్లవాళ్ళ పట్ల వివక్ష మానాలి అన్నవి వాళ్ళ కోర్కెల్లో కొన్ని. రూజ్‌లో నల్లవాళ్ళని ఎక్కువగా కొలిమి పనికే తోసేవాళ్ళు మరి. పోలీసులూ ఫోర్డ్ కాపలా మనుషులూ కాల్చారు. నలుగురు చనిపోయారు. గాయపడిన అయిదోవాడు కర్టిస్ విలియమ్స్ కొన్ని నెలల తర్వాత పోయాడు. ఆయన నల్లవాడు. ఆ నలుగుర్నీ పాతిపెట్టిన శ్మశానంలో ఆయనకు చోటివ్వలేదు. శ్మశానంలోనైనా అంటు వుండదని మన వినుకొండ జాషువా తలపోశాడు. కర్టిస్‌కి ఆపాటి కూడా దక్కలేదు. మన వూళ్ళలో మాల మాదిగల శ్మశానాలు ఎక్కడుంటాయో తెలిసినవాళ్ళకి ఈ ముక్క విడమర్చి చెప్పాల్సిన పనిలేదు.

అదే ఎడ్సెల్ డబ్బుతో మెక్సికో చిత్రకారుడు డీగో రివెరా 1932-33లో డెట్రాయిట్ కళాసంస్థ గోడల మీద 27 భాగాల కుడ్యచిత్రం వేశాడు. అందులో ఎక్కడ చూసినా మనుషులే. వంగిన వీపులు, బిగిసిన చేతులు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కన. మార్చి నాటి కాల్పులు మాత్రం ఆ గోడ ఎక్కలేదు. ఇంకో తిరకాసు కూడా వుంది. గోడ పైభాగాన నాలుగు జాతులకు నాలుగు ఖనిజాలు పంచాడు: ఎర్రజాతికి ఇనుపరాయి, నల్లజాతికి బొగ్గు, తెల్లజాతికి సున్నపురాయి, పసుపుజాతికి ఇసుక. పుట్టుకకి వొక గుణాన్నీ వొక పనినీ ముడేసే బుద్ధి మనకి కొత్తదేం కాదు. అభ్యుదయ విమర్శకులు రివెరాని ఆకాశానికెత్తేటప్పుడు ఈ పంపకం వాళ్ళ కంటికి ఆనదు. అయినా షీలర్ కన్నా రివెరాయే మనకు దగ్గర. ఆయన గోడ మీద పనికి వొళ్ళుంది.

ఇప్పుడు చీమకుర్తికి రండి. ఒంగోలుకి దగ్గరే. రామతీర్థం చుట్టుపక్కల తవ్వితీసే నల్లరాయి 'బ్లాక్ గెలాక్సీ' పేరుతో దేశదేశాలకు పోతుంది. వ్యాపారులు గ్రానైట్ అంటారు గానీ భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ పలుకులు. క్వారీ అంచున నిలబడితే మనకీ షీలర్ కళ్ళే వస్తాయి. మెట్లుమెట్లుగా దిగిన నల్లగోడలు, వైర్‌సా కోసిన నున్నటి అంచులు, క్రేన్లు, అడుగున నిలిచిన నీళ్ళు. పైనుంచి చూస్తే మనిషి చీమే. దిగితేగాని డ్రిల్లు పట్టినవాడు ముక్కుకి చుట్టుకున్న తువ్వాలు కనబడదు, పొట్టకోసం వలసొచ్చినవాళ్ళ పరాయి మాటలు వినబడవు. చీమకుర్తి వున్న సంతనూతలపాడు అసెంబ్లీ సీటు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వయింది. క్వారీ లీజుల పట్టికలో ఆ కులాల పేర్లు ఎన్నున్నాయో మన విద్యార్థులు లెక్క తియ్యాలి. తరాలుగా రాయి కొట్టిన వడ్డెర్ల పేర్లు ఎన్నున్నాయో కూడా.

ఆ ప్రింట్లు గోడకెక్కేది ఇలాంటి రాయి పరిచిన లాబీల్లోనే. కింద నున్నటి నేల, పైన నున్నటి బొమ్మ. రెంటిలోనూ పనివాడు లేడు. కాగితం సంగతీ అంతే. నూలు కాగితం అంటే పత్తి. జిన్నింగ్ అయ్యాక గింజకు అంటుకుని మిగిలే నూగుతో కూడా దాన్ని చేస్తారు. గుంటూరు, ప్రకాశం చేలల్లో నడుం వంచి పత్తి తీసేది ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల ఆడవాళ్ళు. కిలోల లెక్కన కూలి. ప్రింటుతో ఇచ్చే సర్టిఫికెట్‌లో కాగితం రకం, సిరా రకం, కాపీల సంఖ్య రాస్తారు. తీతకూలీ వూసు ఏ సర్టిఫికెట్‌లోనూ వుండదు.

ఇదంతా బొమ్మల గొడవేనా అని కార్యకర్తలు విసుక్కోవచ్చు. క్వారీలో కాలు పోయినా, వూపిరి చెడినా, నష్టపరిహారం అడగాలంటే అక్కడ పనిచేశామని రుజువు కావాలి. కూలీల రిజిస్టరు పెట్టాలని 1952 గనుల చట్టమే చెప్పింది. కాంట్రాక్టరు కింద కాంట్రాక్టరున్న చోట అందులోకి పేరు ఎక్కడమే గొప్ప. చివరికి మిగిలేది మేస్త్రీ జేబు పుస్తకంలో పెన్సిల్ గీత, చెమటకి చీకిన చీటీ. ఎండకీ వానకీ నిలవాల్సిన కాగితాలు ఇవీ. వీటికోసం ఏ ప్రయోగశాలా వెలుతురు పరీక్షలు చెయ్యలేదు.

ఆ చీటీలు, గేటు పాసులు, ఆస్పత్రి కాగితాలు ఇప్పుడే పోగుచెయ్యాలి. వొక్కోదానికింద పనిచేసిన మనిషి పేరు, వూరు, క్వారీ, పనిచేసిన ఏళ్ళు రాయాలి, అదీ వాళ్ళు వొప్పుకుంటేనే. చిత్రకారుల్ని షీలర్‌లా గీయొద్దని మేం చెప్పబోం. క్వారీ అంచునుంచి కాక అడుగునుంచి గీసిన బొమ్మలు వస్తే, వాటికీ ఆ నూలు కాగితమే వాడాలని అడుగుతాం.