బండి బాగుంటే చాలదండీ

బండి కొనుక్కునే చుట్టాలకూ స్నేహితులకూ తోడు వెళ్లడం నాకు అలవాటు. పాలకొల్లులో వంద సీసీ బండి కొనేవాడు షోరూము మెట్లెక్కే ముందు ఇద్దరి చెవిన వేస్తాడు. ఒకరు మెకానిక్కు, రెండోవారు పాత బండ్లు అమ్మిపెట్టే బ్రోకరు. "సామాను మన ఊళ్లో దొరుకుద్దా అండీ?" అని మొదటాయన్ని అడుగుతాడు. "నాలుగేళ్లు తిప్పి అమ్మితే ఎంతొస్తుందండీ?" అని రెండో ఆయన్ని అడుగుతాడు. మైలేజీ సంగతి ఆ తర్వాతే. అది బాగా ఇస్తామని చెప్పని కంపెనీ ఎక్కడుంది?

ఎందుకింత జాగ్రత్త అంటే, ఇంటికంతటికీ అదొక్కటే బండి. పొద్దున రొయ్యల చెరువు గట్టు మీదకి, సాయంత్రం పిల్లల ట్యూషనుకి, ఆదివారం చించినాడ వంతెన దాటి రాజోలు వైపు చుట్టాలింటికి. షెడ్డులో ఒక్కరోజు ఆగితే ఆ రోజు పని పోయినట్టే. అలాంటివాడు ప్రయోగాల జోలికి పోడు. 1985లో సీడీ 100, 1994లో స్ప్లెండర్ తెచ్చి హీరో హోండా సంపాదించుకుంది ఆ నమ్మకాన్నే. హోండా విడిపోయి వెళ్లినా స్ప్లెండర్ కదల్లేదు.

ఓడిపోయిన బండ్ల జాబితా పెద్దదే. 2010లో మహీంద్రా స్టాలియో ఆర్భాటంగా వచ్చి, కొద్దికాలానికే తెరమరుగైంది. 2013లో అదే కంపెనీ సెంచ్యూరో తెచ్చింది. మడిచే తాళంచెవి, దొంగ ఎత్తుకుపోకుండా ఇమ్మొబిలైజరు, పెట్రోలు ఇంకెంత దూరం వస్తుందో చెప్పే మీటరు, అన్నీ ఉన్నాయి. జనం ముచ్చటపడి చూశారు, డబ్బు మాత్రం స్ప్లెండర్‌కి కట్టారు. 2012 నాటి సుజుకి హయాతే, 2015 నాటి యమహా సెల్యూటో మంచి కంపెనీల బండ్లే. అయినా నిలబడలేదు. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక యమహా ఆ తరగతి మోటార్‌సైకిళ్లే మానేసింది.

బజాజ్ డిస్కవర్‌ది ఇంకో కథ. 2004లో 125 సీసీగా వచ్చి పేరు తెచ్చుకుంది. తర్వాత అదే పేరుతో 100, 135, 150 అంటూ దించుకుంటూ పోయారు. డిస్కవర్ అంటే పెద్ద బండా, చిన్న బండా అన్నది కొనేవాడికి తేలకుండా పోయింది.

చవకగా ఇస్తే చాలనుకోవడం మరో పొరపాటు. సెల్ఫ్ తీసేసి, అల్లాయ్ చక్రాలు తీసేసి కొన్ని వేలు తగ్గిస్తే, ఆ తేడా నెల వాయిదాలో పెద్దగా కనబడదు. వీధిలో మాత్రం రోజూ కనబడుతుంది. పేదవాడి బండి అని ముద్ర పడ్డదాన్ని పేదవాడే ముందు వద్దంటాడు. టీవీఎస్ ఎక్సెల్‌కి ఆ బాధ లేదు. అది మోటార్‌సైకిల్‌నని చెప్పుకోదు. ముందు మేత బస్తా, వెనక సీటు తీసేస్తే కొబ్బరికాయల మూట. ఏ పనికి పుట్టిందో ఆ పని చేస్తుంది, అందుకే మా డెల్టాలో గట్టు గట్టుకీ కనిపిస్తుంది.

ఇక ధర. 2018 సెప్టెంబరులో ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైంది. 2019 ఏప్రిల్‌లో రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాయి. భద్రతకూ గాలికీ ఇవి మంచివే కానీ, దెబ్బ ఎక్కువ తగిలింది చిన్న బండికే. కార్బొరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ రావడంతో స్క్రూడ్రైవరుతో సరిచేసే రోజులూ పోయాయి.

2025 సెప్టెంబరు 22 నుంచి ఈ చిన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మంచి మాటే. అయితే సామానూ, పని తెలిసిన మెకానిక్కునూ పాలకొల్లు లాంటి ఊళ్లదాకా తేలేని కంపెనీకి ఆ తగ్గింపు కూడా అక్కరకు రాదు.