చల్లని డిష్ చెప్పిన సంగతి

పదేళ్లు నిండని పిల్లలకు గుండెపోటు వస్తుందంటే నమ్మబుద్ధి కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపమున్న జన్యువులు రెండూ అందిన పిల్లల్లో అది వస్తుంది. పుట్టుకతోనే వాళ్ల రక్తంలో ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ విపరీతంగా ఉంటుంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపు రంగు బుడిపెలు లేస్తాయి. 1970ల మొదట్లో అమెరికాలోని డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు యువ వైద్యులు ఇలాంటి రోగుల చర్మకణాలను ప్రయోగశాల డిష్‌లలో పెంచారు. రక్తంలో కనిపించే జబ్బుకు మూలాన్ని కణంలో వెతికారు. ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకం, అంటే రిసెప్టర్, మామూలు కణాల మీద ఉందనీ, ఆ రోగుల కణాల మీద పనిచేసేది లేదనీ 1974లో తేల్చారు.

పట్టుకున్న ఎల్‌డీఎల్ ఆ తర్వాత ఎటు పోతోంది? దీన్ని కనిపెట్టిన పద్ధతి ఎంత సాదాదో చూడండి. ఎల్‌డీఎల్‌కు రేడియోధార్మిక అయోడిన్ తగిలించి, డిష్‌ను 4 డిగ్రీల చలిలో ఉంచారు. ఎల్‌డీఎల్ కణం పైన అతుక్కుంది, లోపలికి పోలేదు. 37 డిగ్రీలకు వేడి చేయగానే నిమిషాల్లో లోపలికి దూరింది. బయట ఉన్నదెంత, లోపలికి వెళ్లిందెంత అని తేల్చడానికి హెపారిన్‌తో కడిగారు. పైన అతుక్కున్నది ఊడి వచ్చింది, లోపలికి వెళ్లింది మిగిలిపోయింది. జీవశాస్త్రంలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద సంగతి బయటపెట్టిన ప్రయోగాలు అరుదని నా నమ్మకం.

ఒక రోగి కణాలు మాత్రం వింతగా ప్రవర్తించాయి. ఎల్‌డీఎల్ అతుక్కుంటుంది, ఎంత వెచ్చబెట్టినా లోపలికి పోదు. జవాబు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దొరికింది. కణం పొర మీద అక్కడక్కడా లోపలివైపు ముతక పూత ఉన్న చిన్న గుంటలుంటాయి. 1964లోనే రోత్, పోర్టర్ వాటిని దోమ గుడ్డుకణాల్లో చూశారు. ఆ పూత క్లాత్రిన్ అనే ప్రొటీన్ అల్లిన వల. ఈ గుంటలు ఉపరితలంలో సుమారు 2 శాతమే అయినా, మామూలు కణాల్లో ఎల్‌డీఎల్ రిసెప్టర్లలో సగానికి పైగా అక్కడే గుమిగూడతాయి. ఆ రోగిలో అవి గుంటల్లో చేరకుండా చెల్లాచెదురుగా ఉన్నాయి. రిసెప్టర్‌లోని 839 అమైనో ఆమ్లాల్లో, కణం లోపలికి వేలాడే తోకలో, ఒక్కటంటే ఒక్కటి మారడమే కారణమని 1986లో తెలిసింది.

గుంట తెగి సంచిగా మారి, ఎండోసోమ్ అనే మజిలీకి చేరుతుంది. అక్కడ ఆమ్లత ఎక్కువ. రిసెప్టర్ ముడుచుకుని ఎల్‌డీఎల్‌ను వదిలేస్తుంది. ఎల్‌డీఎల్ లైసోజోమ్ అనే జీర్ణసంచిలో అరిగిపోతుంది. మలేరియాకు వాడే క్లోరోక్విన్ ఇస్తే అది అరగకుండా పోగుపడుతుంది. రిసెప్టర్ మాత్రం, పాల కేంద్రంలో పాలు పోసేసిన క్యాను ఊరికి తిరిగొచ్చినట్టు, మళ్లీ పైకి వస్తుంది. కొత్త ప్రొటీన్ల తయారీని మందుతో ఆపేసినా కణాలు గంటల తరబడి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటూనే ఉండటం దీనికి రుజువు. ఒక్కో విడతకు పది నిమిషాలు, ఆయుష్షు సుమారు ఇరవై గంటలు: ఒక్క రిసెప్టర్ వందకు పైగా ప్రయాణాలు చేస్తుంది.

అన్ని రిసెప్టర్లకూ తిరుగు ప్రయాణం మంచిది కాదు. కణాన్ని పెరగమని పురిగొల్పే ఈజీఎఫ్ రిసెప్టర్ పని ముగిశాక నోరు మూయాలి. అందుకే దానికి యుబిక్విటిన్ గుర్తు తగిలించి, కణం దాన్ని లైసోజోమ్‌కు పంపుతుంది. ఆ ఏర్పాటు దెబ్బతింటే పెరుగుదల సంకేతం మోగుతూనే ఉంటుంది. కొన్ని క్యాన్సర్లకు అది దారి తీస్తుంది.

ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను కూడా తుక్కులోకి తోసే ప్రొటీన్ ఒకటుంది: పీసీఎస్‌కే9. అది అతుక్కుంటే ఎండోసోమ్‌లో రిసెప్టర్ ముడుచుకోలేదు, తిరిగి రాలేదు. ఈ ప్రొటీన్ మరీ చురుగ్గా ఉన్న ఫ్రెంచి కుటుంబాలు 2003లో బయటపడ్డాయి. దాని జన్యువు ఒకటి పుట్టుకతోనే పనిచేయని నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 28 శాతం, గుండె ధమనుల జబ్బు ముప్పు 88 శాతం తక్కువని 2006లో తేలింది. 2015లో పీసీఎస్‌కే9ను అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. అవి రిసెప్టర్లను కొత్తగా తయారు చేయవు, ఉన్నవాటిని ఇంటికి తిరిగి రానిస్తాయి, అంతే.

మొదట చెప్పిన పిల్లల్లా రెండూ కాక, ఒక్క జన్యువులోనే లోపమున్నవారు సుమారు 300 మందికి ఒకరు. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. మీ ఇంట్లో ఎవరికైనా నలభైల్లోనే గుండెపోటు వచ్చి ఉంటే, పిల్లలతో సహా అందరికీ ఒకసారి ఎల్‌డీఎల్ పరీక్ష చేయించండి.