గదికి చేసిన వైద్యం

పిల్లి మాటిమాటికీ ట్రే దగ్గరికి పరిగెడుతుంది. ముక్కి ముక్కి రెండు చుక్కలు పోస్తుంది. ఆ చుక్కల్లో నెత్తురు జీర కనిపిస్తే మన నోట వచ్చే మొదటి మాట ‘యూరిన్ ఇన్ఫెక్షన్’. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం, యాంటీబయాటిక్ రాయించుకుంటాం. వారం తిరక్కుండానే పిల్లి మామూలైపోతుంది. రెండు నెలలకు మళ్ళీ అదే బాధ, మళ్ళీ అదే మందు.

ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. పదేళ్ళ లోపు పిల్లుల్లో ఈ బాధకు బ్యాక్టీరియా కారణమయ్యేది చాలా తక్కువ. సగానికి పైగా కేసుల్లో మూత్రాశయం వాచి ఉంటుంది గానీ మూత్రంలో ఏ క్రిమీ దొరకదు, రాయీ కనిపించదు. పైగా ఆ వాపు ఎక్కువ పిల్లుల్లో వారం లోపు దానంతటదే తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ వేసినా తగ్గేదే, వెయ్యకపోయినా తగ్గేదే. పేరు మాత్రం మందుకు దక్కుతుంది. అసలు కారణం ఇంట్లోనే ఉండిపోతుంది కాబట్టి రోగం తిరిగి వస్తుంది.

ఈ తిరకాసును విప్పినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన పశువైద్యుడు టోనీ బఫింగ్టన్‌ది. ఆయన, ఆయన సహచరులు కొత్త మందేమీ కనిపెట్టలేదు. పిల్లి ఉండే గదిని వైద్యంలోకి తెచ్చారు. ఆ పని ఎంత నేర్పుగా జరిగిందో దగ్గరగా చూడాలి.

ముందు వాళ్ళు రోగాన్ని మూత్రాశయం బయట కూడా వెతికారు. ఈ జబ్బున్న పిల్లుల ఒంట్లో నరాలను ఉద్రేకపరిచే నారెపినెఫ్రిన్ ఎక్కువగా ఉంది. ఒత్తిడిని తట్టుకోవడానికి అడ్రినల్ గ్రంథులు విడుదల చెయ్యవలసిన కార్టిసాల్ తగినంత రావడం లేదు. అంటే బెదురు పుట్టించే యంత్రం జోరుగా తిరుగుతోంది, దాన్ని ఆపే బ్రేకు సరిగా పడడం లేదు. అలాంటి ఒంట్లో మూత్రాశయం లోపలి పొర పలచబడుతుంది. చిక్కటి మూత్రం ఆ పొర దాటి కింది నరాలను మండిస్తుంది. పిల్లి ముక్కేది ఆ మంటతోనే. మంట మొదలైన చోటు మాత్రం మూత్రాశయం కాదు.

మరి పిల్లిని బెదరగొట్టేదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన ప్రయోగమే నాకు అన్నిటికన్నా నచ్చింది. జూడీ స్టెల్లా, లిండా లార్డ్, బఫింగ్టన్ కలిసి చేసిన ఆ అధ్యయనం 2011లో అచ్చయింది. ఈ జబ్బున్న 20 పిల్లులు, ఆరోగ్యంగా ఉన్న 12 పిల్లులు, మొత్తం 77 వారాలు. పంజరాల్లో ఉంచిన ఆ పిల్లులకు దాక్కునే చోటు, ఎక్కి కూర్చునే చోటు, ఆటవస్తువులు ఏర్పాటు చేశారు. వేళకు తిండి పెట్టారు, ఎప్పుడూ చూసే మనుషులే చూసుకున్నారు.

వాళ్ళు లెక్కపెట్టిందేమిటో చూడండి. వాంతి చేసుకుందా? గిన్నెలో తిండి మిగిల్చిందా? 24 గంటల్లో ట్రే తడిసిందా లేదా? ట్రే బయట పోసిందా? ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రోజూ పంజరం శుభ్రం చేసే మనిషి కళ్ళు తెరుచుకుని చూస్తే చాలు. కొలవడానికి తేలికైనవి, అబద్ధం చెప్పలేనివి ఏరుకోవడంలోనే సగం పనితనం ఉంది. వీటి పక్కనే, ఆ వారం మామూలుగా గడిచిందా, లేక తిండి వేళ తప్పడమో, చూసుకునే మనిషి మారడమో జరిగిందా అన్నది రాసుకున్నారు.

క్రమం తప్పిన వారాల్లో ఈ లక్షణాలు దాదాపు మూడింతలయ్యాయి. ఇక్కడే ఆ 12 పిల్లుల విలువ తెలుస్తుంది. జబ్బు పిల్లులను మాత్రమే చూసి ఉంటే ‘రోగిష్టివి కదా, చిన్నదానికే చెదిరిపోతాయి’ అని సరిపెట్టుకునేవాళ్ళు. ఆరోగ్యమైన పిల్లులు కూడా సరిగ్గా అలాగే చేశాయి. అవీ తిండి మానేశాయి, అవీ ట్రే బయట పోశాయి. దాంతో ‘కావాలని చేస్తోంది, పొగరు’ అని మనం తిట్టే పని ఆ పిల్లి మొండితనం కాదని, క్రమం తప్పితే ఏ పిల్లయినా చేసేదేనని తేలింది.

ఇంతకు ముందే, 2006లో అచ్చయిన అధ్యయనంలో, ఇదే ఆలోచనను బఫింగ్టన్, ఇంకొందరు సహచరులు ఇళ్ళలో ప్రయత్నించారు. యజమానుల దగ్గరే ఉన్న, ఈ జబ్బున్న 46 పిల్లులను 10 నెలల పాటు గమనించారు. ప్రతి ఇంటి గురించీ విడిగా వాకబు చేసి, ఆ ఇంటికి ఏది కుదురుతుందో అదే చెప్పారు. మూత్రం బాధ తగ్గింది. దాంతోపాటు బెదురు, కంగారు కూడా తగ్గాయి. ఏమీ మార్చకుండా వదిలేసిన ఇంకో జట్టును పక్కన పెట్టి పోల్చి ఉంటే పని ఇంకా గట్టిగా నిలిచేది. ఆ లోటు ఒప్పుకోవలసిందే. అయినా ఈ రోజు పిల్లుల వైద్యుడెవరైనా ముందు ఇంటి గురించి ఆరా తీస్తున్నాడంటే దాని వెనక ఈ పని ఉంది.

అలాగని ఇన్ఫెక్షన్ అనేదే లేదని కాదు. పదేళ్ళు దాటిన పిల్లుల్లో, కిడ్నీలు దెబ్బతిన్నవాటిలో, షుగర్, థైరాయిడ్ ఉన్నవాటిలో నిజమైన ఇన్ఫెక్షన్లు బాగానే వస్తాయి. ఎడారి అడవిపిల్లి సంతతి కాబట్టి ఆరోగ్యమైన పిల్లి మూత్రం మహా చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనంలో బ్యాక్టీరియా బతకడం కష్టం. కిడ్నీలు సడలి మూత్రం పలచబడితే ఆ రక్షణ పోతుంది.

ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చే విధానంలో కూడా చూడదగ్గ పనితనం ఉంది. ట్రేలోంచి తీసిన మూత్రంలో ట్రే మురికి కలిసి ఉంటుంది, దానితో కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) చేస్తే లేని రోగం కనిపిస్తుంది. అందుకే చెయ్యి తిరిగిన డాక్టరు పిల్లిని మెల్లగా పడుకోబెట్టి, స్కానింగులో మూత్రాశయాన్ని చూస్తూ, పొట్ట మీంచి సన్నటి సూదితో నేరుగా కాస్త మూత్రం లాగుతాడు. పట్టుకున్న చెయ్యి బిగించకపోతే చాలా పిల్లులు కదలకుండానే ఉంటాయి. ఒక చుక్కను మూత్రం చిక్కదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి వెలుగుకెత్తి చూస్తాడు. గీత 1.035 దాటితే మూత్రాన్ని చిక్కబరిచే పని కిడ్నీలు చేస్తున్నాయన్నమాట. ఇంకో చుక్క మైక్రోస్కోపు కిందికి, మిగతాది కల్చర్‌కి. మైక్రోస్కోపు చూపు వెంటనే పడాలి. ఫ్రిజ్‌లో పెట్టి తీరిగ్గా చూస్తే పిల్లి ఒంట్లో లేని స్ఫటికాలు సీసాలోనే పుట్టుకొస్తాయి. వాటిని చూసి ‘రాళ్ళున్నాయి’ అని పొరబడేవాళ్ళున్నారు.

జంతువుల అంటురోగాల నిపుణుల అంతర్జాతీయ సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సంయమాన్నే నియమం చేశాయి. ఏడాదిలో మూడుసార్లు గానీ, ఆరు నెలల్లో రెండుసార్లు గానీ వస్తేనే దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్ అనాలి. అప్పుడు కల్చర్ తప్పనిసరి, వెనకున్న అసలు జబ్బును వెతకడం అంతకన్నా తప్పనిసరి. అప్పుడప్పుడూ వచ్చే మామూలు ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ 3 నుంచి 5 రోజులు చాలు. పిల్లికి ఏ బాధా లేకుండా రిపోర్టులో మాత్రం బ్యాక్టీరియా కనిపిస్తే, సాధారణంగా మందు అక్కర్లేదు.

మన ఇళ్ళ సంగతికొస్తే, ఫ్లాట్లలో పెరిగే పిల్లికి క్రమం తప్పించే సందర్భాలు బోలెడు. పండక్కి చుట్టాలు దిగుతారు, దీపావళికి బాంబులు పేలతాయి, ఇంటికి సున్నాలు వేయిస్తారు, అందరూ ఊరెళ్ళిపోతే పక్కింటివాళ్ళు తిండి పెడతారు. ఇవన్నీ ఆపలేం. కానీ ఆ రోజుల్లో దాని తిండి వేళ, ట్రే చోటు, దాక్కునే మూల మాత్రం మారకుండా చూడగలం. ట్రేలు ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ ఉండాలి. అన్నీ ఒకే బాల్కనీలో వరసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే. రోజూ మురికి తియ్యాలి, సువాసనల ఇసుక వాడకూడదు. రెండు పిల్లులుంటే పోట్లాట చప్పుడు కోసం చూడొద్దు. నడవ మధ్యలో ఒకటి కదలకుండా కూర్చుని చూస్తూ ఉంటుంది, రెండోది ట్రే వైపు నాలుగడుగులు వేసి వెనక్కి మళ్ళుతుంది. పైకి పోట్లాటలా కనిపించకపోయినా జరిగేది అదే.

ఇంకొకటి నీళ్ళు. ముందు చెప్పుకున్న మంట చిక్కటి మూత్రంతోనే కాబట్టి, ఈ జబ్బున్న పిల్లికి అది కాస్త పలచబడితే మేలు. పొడి గింజల తిండిలో నీరు సుమారు 10 శాతం, పౌచ్‌లో వచ్చే తడి తిండిలో 75 శాతం పైమాటే. పిల్లికి దాహం తక్కువ, గిన్నె నింపి పెట్టినంత మాత్రాన ఆ లోటు తీరదు. తిండిలోంచే నీరు వెళ్ళాలి. తడి తిండికి నెమ్మదిగా మార్చడం బహుశా మనం చెయ్యగల అతి తేలికైన నివారణ. బాధకు కారణం నిజంగా రాళ్ళేనని తేలితే, స్ట్రువైట్ రకానివి ప్రత్యేకంగా తయారుచేసిన తిండితో కొన్ని వారాల్లో కరిగిపోతాయి. కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు కరగవు, తియ్యవలసిందే.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ నిదానమంతా పక్కన పెట్టాలి. గండుపిల్లి మూత్రనాళం కొస దగ్గర చాలా ఇరుకు. అది ముక్కుతూ ఒక్క చుక్క కూడా పొయ్యలేకపోతుంటే, పొట్ట గట్టిపడితే, అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరిగెత్తాలి. ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవడానికి రెండు మూడు రోజులు చాలు. నొప్పి తగ్గుతుందని మన పారాసెటమాల్ ముక్క వెయ్యడం ఎప్పుడూ, ఏ పిల్లికీ పనికిరాదు. అది పిల్లికి విషం.

మిగతా రోజుల్లో, డాక్టరు ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ పక్కన పెట్టి ట్రే ఎక్కడుంది, ఈ మధ్య ఇంటికి ఎవరొచ్చారు, తిండి ఎన్నింటికి పెడతారు అని అడుగుతుంటే కాలక్షేపం చేస్తున్నాడనుకోవద్దు. మన దగ్గర తీసుకున్న ఫీజుకు తగ్గ పని ఆయన చేస్తున్నది అప్పుడే.