స్కానుప్రతులయందుఁ బుటవక్రత – పాఠశుద్ధి

ప్రాచీనముద్రితగ్రంథముల స్కానుప్రతులయందుఁ బుట వంగుటచేఁ గలుగు దోషములు రెండు. కుట్టునొద్దఁ బంక్తులు వంకరపోవుట యొకటి. అచ్చోటి యక్షరము లిఱుకై నీడలో మఱుఁగుపడుట రెండవది. మొదటిది చూపునకు వికారము. రెండవది పాఠమునకే హాని. మొదటిది తీఱినంతనే రెండవదియుఁ దీఱెనని భ్రమపడరాదు.

ఈ శతాబ్దారంభమున హైదరాబాదు, బెంగుళూరు విద్యాసంస్థలు అమెరికాయందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయముతోఁ గూడి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నెలకొల్పెను. అందలి తెలుఁగు పుస్తకము లనేకము లిప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవునఁ జదువ లభించుచున్నవి. అనకాపల్లి జిల్లా మాకవరపాలెమువంటి యూర నున్న పండితునకు మహానగర గ్రంథాలయములు దీనిచే నింటికి వచ్చినట్లయినది. ఈ మహోపకారమును గుర్తించుచునే, వానిలో వంగిన పుటలును, అంచులు తెగిన పుటలును గలవని చెప్పక తప్పదు.

స్కాన్ టైలర్ మొదలగు సాధనములు పంక్తుల వంపును గుర్తించి, దాని ననుసరించి పుటను సాగఁదీయును. రోమకలిపియందు అక్షరములు చాలవఱ కొక పాదరేఖపై నిలుచును. తెలుఁగున నట్లు గాదు. పైని తలకట్లు, గుడులు. క్రింద వత్తులు, వట్రుసుడులు. వత్తుల యడుగును బట్టి గీచిన రేఖ యెగుడుదిగు డగును. కావున నక్షరముల నడిమిభాగమే ప్రమాణముగాఁ గొనవలయును.

అంతకన్న సూక్ష్మమైన విషయ మొకటి కలదు. నీడను దొలఁగించుటకై పుటను కేవలము నలుపు తెలుపులుగా మార్చునపుడు సన్నని గీఁతలే మొదట నశించును. ‘ఏఁడు’ వత్సరము, అరసున్న రాలినచో నది ‘ఏడు’ అను సంఖ్య. ‘అఱుగు’ జీర్ణమగుట, శకటరేఫము రూపుచెడి లఘురేఫముగాఁ జదువఁబడినచో ‘అరుగు’, అనఁగా వెళ్లుట. పుట సొంపుగానే యుండును. శబ్దము మాత్రము మాఱిపోవును.

అచ్చుప్రతు లుండఁగా నీ చింత యేల యని కొందఱందురు. అచ్చుప్రతి జీర్ణించి నశించిననాఁడు స్కానుప్రతియే మాతృక యగును. తాళపత్రమునఁ బురుగు తిన్నచోట మంచి పరిష్కర్త తన యూహను మూలమునఁ గలుపఁడు, అధస్సూచికయందుఁ జూపును. పుటలను దిద్దువారికిని ఇదియే ధర్మము. సవరించిన పుటతోఁబాటు సవరింపని పుటను భద్రపఱుపవలయును. కుట్టునొద్ద నలుపు తెలుపులకు మాఱుగా బూడిదవన్నె ఛాయలను నిలుపవలయును. అక్షరము తెగినచోట మరలఁ బుస్తకమునే తెఱచి స్కాను చేయవలయును. వ్యాసపీఠమువలెఁ బుస్తకమును సగము తెఱచి నిలుపు పీఠముపై నుంచి, పుటలపై గాజుపలక నదిమి తీసినచో వంపు చాలవఱకుఁ బుట్టనే పుట్టదు. స్కానున రాని యక్షరమును బిదప నే సవరణయుఁ దేఁజాలదు.