నాణెపు పెట్టెపై తప్పక్షరము

నాణెమునకు స్థాయి నిర్ణయించి పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పెట్టెలో భద్రపఱచు పద్ధతి, అమెరికాలో 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అను సంస్థలు పని ప్రారంభించిన నాటినుండి ప్రబలి, డాక్టరు షెల్డను 1949లో పెద్ద సెంటు నాణెములకై కల్పించిన 1 నుండి 70 వఱకు గల కొలమానమును లోకమందలి నాణెములన్నిటికి విస్తరింపజేసి, నేడు దుబాయి, షార్జాలలోని సేకర్తలకును సుపరిచితమై యున్నది. పెట్టె శిరోభాగమున లేబులుపై దేశము, సంవత్సరము, విలువ, స్థాయి, ధ్రువీకరణ సంఖ్య ముద్రించియుండును. ఆ లేబులును సిద్ధపఱచువారును మనుష్యులే గనుక ఒక్కొక్కప్పుడు సంవత్సరము తాఱుమారగును, ఒకదాని లేబులు మఱియొకదానిపైకి పోవును. సేకర్తలు 'మెకానికల్ ఎర్రర్' అని పిలుచు ఈ దోషము నాణెము వెలను పెంచునా యనునది ప్రశ్న.

పెంచదనియే నా దృఢాభిప్రాయము. టంకశాలలో అచ్చు పక్కకు జరిగినను, రెండుమాఱులు పడినను, ఆ లోపము లోహమున నిలిచి నాణెముతో పాటు శాశ్వతమగును. దానికి అధికమూల్యమిచ్చుట న్యాయము. లేబులు తప్పో, కాగితమున మాత్రమే యుండును: యజమాని కోరినచో సంస్థయే దానిని సవరించును, పెట్టె పగులగొట్టినచో అది మాయమగును. పైగా ఏ స్థాయి నాణెములెన్ని తమయొద్దకు వచ్చినవో సంస్థలు ప్రకటించును గాని, ఎన్ని లేబుళ్లు తప్పుపడినవో ప్రకటింపవు. లెక్కయే తెలియని యరుదుదనమునకు వెల కట్టుట యెట్లు? లేబుళ్లనే సేకరించు కొందఱు నాలుగు దిర్హములు ఎక్కువ యిచ్చినను, అది కొనువాని, అమ్మువాని నడుమ బేరమే గాని అంగడి ధర కాదు. కంటికి స్పష్టముగా కనబడు ఇట్టి లేఖనదోషములకు సంస్థల హామీయు వర్తింపదు.

అయితే తప్పు లేబులు మఱియొక విధమున వెలను తాకును. అది నాణెము అసలు స్వరూపమును మఱుగుపఱచును. ద్రవ్యము పలుమాఱులు మాఱుటచే ఎమిరేట్సు తీరమున ఈ ప్రమాదము హెచ్చు. భారతదేశము 1959లో ఈ ప్రాంతమునకై ప్రత్యేకించిన గల్ఫు రూపాయి 1966 వఱకు నడచినది. పిమ్మట దుబాయిలో ఖతరు-దుబాయి రియాలు, అబూధాబిలో బహ్రెయిను దీనారు. 1973 మే 19న దిర్హము. షార్జా 1964లో కెనడీ స్మారకముగా వెలువరించిన వెండి నాణెముపై విలువ ఐదు రూపాయలు! తొలి దిర్హముపై కాఫీపాత్ర పక్షమున హిజ్రీ 1393, క్రీస్తుశకము 1973 రెండును అరబ్బీ అంకెలలో నున్నవి. ఆ లిపిలో సున్న చుక్కవలెను, అయిదు మన సున్నవలెను ఉండుటచే, 50 ఫిల్సుపైని అంకె తెలియనివానికి సున్నప్రక్క చుక్కగా తోచును.

మన హైదరాబాదువారు అభిమానించు చార్మినారు రూపాయి ఇంతకంటె సూక్ష్మమైన పరీక్ష. 1911 ఆగస్టులో మీర్ మహబూబ్ అలీఖాను మరణింపగా మీర్ ఉస్మాన్ అలీఖాను నిజామాయెను. అది హిజ్రీ 1329. చార్మినారు ద్వారమధ్యమున మహబూబ్ నాణెములపై 'మీము', ఉస్మాన్ నాణెములపై 'ఐను' అను అరబ్బీ అక్షరము కానవచ్చును. ఒకే 1329 ఇద్దఱి నాణెములపైనను గలదు గావున, సంవత్సరమును బట్టి ప్రభువును నిర్ణయింపరాదు. ఆ చిన్న యక్షరమే సాక్షి. ఉస్మాన్ తొలి నాణెములపై ఐను కుఱుచది, 1330లోనే పూర్ణరూపము దాల్చినది. లేబులుపై ప్రభువు పేరు తాఱుమారైనచో, ఒక ప్రభువు నాణెమునకు మఱియొకని నాణెపు వెల పలుకును; అక్షరమెఱిగిన కొనుగోలుదారునికి అది లాభము, ఎఱుగనివానికి నష్టము.

కావున కొనునప్పుడు ముందుగా భూతద్దముతో ద్వారమును, అంకెలను చదువవలెను. తరువాత ధ్రువీకరణ సంఖ్యను సంస్థ లెక్కలతో సరిచూచుకొని, భేదము కనబడినచో అమ్మువానికి చెప్పి, సవరణకు పంపవలెను. అంకెలు చదువునప్పుడు, ఈ నిజాము నాణెములపై కనబడు 92 అను సంఖ్యను ఎవరును సంవత్సరమని భ్రమింపరాదు: అది అరబ్బీ అక్షరసంఖ్యాగణనమున ముహమ్మదు నామమునకు వచ్చు మొత్తము.