బలం లేని మట్టే మంచిది

టారంటులా పెంచాలనుకునేవారు తిండికంటే ముందు చూసుకోవలసింది గాజుపెట్టె అడుగున పరిచే మట్టిని. ఈ సాలీడు నడిచేదీ, బొరియ తవ్వేదీ, వెల్లకిలా పడుకుని కుబుసం విడిచేదీ దానిమీదే. చాలా జాతుల్లో ఆడవి పదిహేనేళ్లు దాటి బతుకుతాయి. అంతకాలం ఒంటికి ఆనుకుని ఉండేదాన్ని రంగు బాగుందనో, చౌకగా వచ్చిందనో ఎంచుకోకూడదు.

ప్రమాదకరమైన మట్టి తరచుగా నర్సరీలోనే దొరుకుతుంది. కుండీల కోసం కలిపి అమ్మే మట్టిలో వర్మీకంపోస్టు, రసాయన ఎరువు, వేపపిండి ఉంటాయి. మొక్కకు ఇవి బలం. సాలీడు విషయానికొస్తే వేపపిండిని ముఖ్యంగా అనుమానించాలి. వేపలోని అజాడిరాక్టిన్ కీటకాలను చంపే తీరు ప్రత్యేకమైనది: కుబుసం విడిపించే ఎక్డైసోన్ హార్మోన్ల పనిని చెడగొడుతుంది. సాలీళ్లు కీటకాలు కాకపోయినా కుబుసం విడిచేది ఆ రకం హార్మోన్ల వల్లనే. కాబట్టి సేంద్రియం అన్న ముద్ర చూసి నమ్మడానికి లేదు. మిరప, పత్తి చేల మట్టి అసలే వద్దు. అందులో పురుగుమందుల అవశేషాలు మిగిలి ఉండవచ్చు. దేవదారు, పైన్ రంపపు పొట్టుదీ అదే దోషం, వాటి సువాసన నూనెలు పురుగులకు పడవు. గులకరాళ్ల మీద పడితే గాయమవుతుంది. ఉత్త ఇసుకలో బొరియ నిలవదు.

ఎక్కువమంది వాడేది కోకోపీట్, అంటే కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు. దిమ్మగా దొరుకుతుంది, నీళ్లలో వేస్తే ఉబ్బి విడిపోతుంది. దాంట్లో ఉప్పు ఉండే వీలుంది కనుక రెండుమూడు నీళ్లు మార్చి కడిగి, పిండి, ఆరబెట్టాలి. పోషకాలు కలిపిన రకం తీసుకోకూడదు. కోకోపీట్‌కున్న లోపం, బాగా ఎండితే పొడిపొడిగా రాలిపోవడం. బొరియ గోడలు నిలవాలంటే మందులు తగలని శుభ్రమైన మట్టి కొంత కలపాలి. తడి నిలవాలంటే కాస్త వర్మిక్యులైట్ చేర్చవచ్చు. విదేశాల్లో పీట్ మాస్ కూడా వాడతారు. దాని ఆమ్లగుణం వల్ల బూజు తక్కువ పడుతుంది గానీ, అది వేల ఏళ్లలో ఏర్పడిన చిత్తడి నేలలను తవ్వి తెచ్చే సరుకు. కోకోపీట్ అందుబాటులో ఉన్నచోట దాని అవసరమే లేదు.

ఎంత మందాన పరచాలన్నది ప్రాణానికి సంబంధించిన లెక్క. టారంటులా పొట్టకు పలుచని చర్మమే రక్షణ. ఎత్తు నుంచి పడితే అది చిట్లి, లోపలి ద్రవం కారి చనిపోవచ్చు. అందుకే నేలమీద తిరిగే జాతులకు మట్టికీ మూతకూ మధ్య ఖాళీ, కాళ్లు చాచినప్పటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు మించకూడదంటారు. 12 సెంటీమీటర్ల సాలీడుకు 18 సెంటీమీటర్లన్నమాట. మయన్మార్, థాయ్‌లాండ్‌ల కోబాల్ట్ బ్లూ లాంటి బొరియ జాతులకు పెట్టెలో ఎక్కువ భాగం మట్టితోనే నింపాలి.

చెట్ల మీద బతికే వాటికి ఇంత లోతు అక్కర్లేదు. మన గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలిసిన నీలి సాలీడు, పొయెసిలోథేరియా మెటాలికా, ఈ కోవలోదే. 1899లో జంతుశాస్త్రజ్ఞుడు పోకాక్ దాన్ని వర్ణించాడు; 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో మళ్లీ కనిపించింది. చెట్టు తొర్రల్లో ఉండే దానికి కింద రెండుమూడు అంగుళాల మట్టి చాలు, నిలువుగా బెరడు ముక్క ముఖ్యం. తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి ఇది, 2019 నుంచి వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అడవి నుంచి పట్టి తెచ్చి పెంచడం సమర్థించలేని పని.

తడి ఎంత ఉండాలో సాలీడు పుట్టిన చోటు చెబుతుంది. చిలీ రోజ్‌కు పొడి మట్టి, పక్కన నీళ్ల గిన్నె సరిపోతాయి. దక్షిణ అమెరికా వానల అడవుల గోలియత్‌కు లోపలి మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చుక్క కారకూడదు. నీళ్లు పైన చిలకరించకుండా ఒక మూల నెమ్మదిగా పోస్తే అడుగుకు దిగుతాయి, పైపొర ఆరే ఉంటుంది. మట్టి మరీ తడిసినా, నచ్చకపోయినా టారంటులా దానిమీద కాలు మోపకుండా రోజుల తరబడి గాజు గోడకు అతుక్కుని ఉంటుంది. కొత్త పెట్టెలో కొన్నాళ్లు అలా చేయడం మామూలే, మానకపోతే తడి తగ్గించాలి.

మట్టిని మాటిమాటికీ మార్చడం మంచి అలవాటు కాదు, అల్లుకున్న గూడంతా పోతుంది. తినగా మిగిలిన ముక్కలు పట్టకారుతో తీసేస్తే చాలు. బూజు వ్యాపిస్తేనో, పురుగు పడితేనో మొత్తం మార్చాలి. కొత్తగా కొనేవారు సంచి మీద రాసిన పదార్థాలన్నీ చదవండి. ఎరువు, వేప, పురుగుమందు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ సంచిని అక్కడే వదిలేయండి.