సైబర్ నేరాల తెలుగు పదజాలం: నైతిక విమర్శ (బంట్వారం ప్రాంత నేపథ్యంతో)

వ్యాససంగ్రహం:
సైబర్ నేరాల గురించి తెలుగులో వెలువడే వార్తలు, హెచ్చరికలు, గోడపత్రాలు వాడే పదజాలం నేరస్థుడి చాతుర్యాన్నీ, బాధితుడి అమాయకత్వాన్నీ ముందుకు తెస్తుంది. రక్షణబాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఈ పదజాలంలో కనుమరుగవుతోందని ఈ వ్యాసం వాదిస్తుంది. భూమి దస్తావేజుల్లోని వేలిముద్రలను దొంగిలించిన 2018 నాటి ఉదంతం, వికారాబాద్ జిల్లా బంట్వారం వంటి మండలంలో వేలిముద్రకున్న స్థానం, మూలఘటిక కేతన రచనలు రెండు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: సైబర్ నేరం, వేలిముద్ర, కేతన, విజ్ఞానేశ్వరీయం, పదజాలవిమర్శ, బంట్వారం.

ప్రవేశిక

బంట్వారం మండలం తాండూరు, వికారాబాదు పట్టణాలకు అందుబాటులో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉంది. కంది, పత్తి పండే ఈ నేల మీద తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడం వినిపిస్తాయి. తెలంగాణ పల్లెల వాడుకలో సంతకం దస్కతు, వేలిముద్ర నిశాని. రెండూ నిజాం నాటి కచేరీభాష విడిచిపోయిన మాటలే. ఒకప్పుడు నిశాని పెట్టడమంటే అప్పుకాగితం మీదనో, భూమి కాగితం మీదనో ఎప్పుడో ఒకసారి జరిగే పని. ఆ పనికి భయం ఉండేది. కాగితంలో ఏం రాశారో చదివిపెట్టమని నమ్మకస్థుణ్ణి బతిమాలుకునేవారు. చదువు రానివాణ్ణి 'వేలిముద్రగాడు' అని ఎగతాళి చేయడం కూడా తెలుగులో ఉన్నదే.

ఇప్పుడు ఆ నిశాని రోజువారీ వ్యవహారమైంది. చౌకదుకాణంలో బియ్యానికి, బ్యాంకు ప్రతినిధి దగ్గర ఆధార్ ఆధారంగా నగదు తీసుకోవడానికి వేలు పెట్టవలసిందే. వేలు పెట్టేది కాగితం మీద కాదు. చదివిపెట్టమని అడగడానికి ఎదుట రాత ఉండదు. కంప్యూటర్ నేరాల నైతికతను నగరంలోని సాంకేతిక నిపుణుల సమస్యగానే చర్చించే అలవాటు ఉన్నా, ఆ చర్చకు అసలు పరీక్ష ఎదురయ్యేది ఇటువంటి మండలాల్లోనే.

బాధితుడి నెత్తిన పెట్టినవి

మోసాన్ని చెప్పడానికి తెలుగులో ఉన్న జాతీయాలను ఒకచోట పేర్చి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. టోపీ పెట్టడం, కుచ్చుటోపీ పెట్టడం, శఠగోపం పెట్టడం, నామం పెట్టడం, చెవిలో పువ్వు పెట్టడం. అన్నీ మోసపోయినవాడి తలకూ నుదుటికీ చెవికీ చేసే అలంకారాలే. టోపీ పెట్టిన చెయ్యి ఎవరిదో జాతీయంలో లేదు. పెట్టించుకున్న తల మాత్రం ఊరందరికీ కనబడుతుంది, ఊరు నవ్వుతుంది. గుడిలో పూజారి గౌరవంగా తలపై ఉంచే శఠగోపం మోసానికి పర్యాయపదం కావడంలోని వ్యంగ్యం గొప్పదే, కాదనలేం. కాని ఆ వ్యంగ్యపు దెబ్బ ఎవరికి తగులుతున్నదో విమర్శకులు అంతగా పట్టించుకోలేదు.

ఈ జాతీయాలు పుట్టిన ప్రపంచంలో మోసగాడూ మోసపోయినవాడూ ఒకరికొకరు ఎదురుగా ఉండేవారు. సంతలోనో, కచేరీలోనో ముఖాముఖి జరిగిన బేరమది. కాబట్టి 'నీ తెలివి ఏమైంది' అని అడగడానికి కొంత చోటుండేది. అదే పదజాలాన్ని దినపత్రికలు సైబర్ నేరాలకు యథాతథంగా తెచ్చుకున్నాయి. 'సైబర్ కేటుగాళ్లు', 'టోకరా', 'బురిడీ', 'ఘరానా మోసం' శీర్షికలకు ఎక్కాయి. వీటిలో 'ఘరానా' మరీ చిత్రమైనది. గొప్ప ఇంటివారికి చెందవలసిన విశేషణం దొంగకు బిరుదైంది. దొంగకు బిరుదు, బాధితుడికి టోపీ, ఇదీ వార్తలోని పంపకం.

వ్యాకరణం కూడా ఇటువైపే మొగ్గుతుంది. 'మోసం చేశారు' అన్నప్పుడు కర్త మోసగాడు. 'మోసపోయారు' అన్నప్పుడు కర్త బాధితుడు. ఓడిపోవు, చెడిపోవు అన్నట్టే మోసపోవు. ఏదో లోపం వల్ల తనకు తానుగా జరిగిపోయినట్టు ధ్వని. హెచ్చరికల్లో తరచుగా కనిపించే 'మోసపోకండి' అన్న నిషేధార్థకం నేరస్థుడికి కాదు, బాధితుడికే చెప్పినది. బస్టాండు గోడల మీది పాత హెచ్చరిక 'దొంగలున్నారు జాగ్రత్త' ఇంతకంటే న్యాయమైనది. అందులో దొంగలు ఉన్నారు, వాక్యానికి కర్తలుగా ఉన్నారు.

'డిజిటల్ అరెస్ట్' అన్న మాటది ఇంకో రకం చిక్కు. భారతీయ చట్టాల్లో అటువంటి అరెస్టు లేదు. పోలీసు వేషంలో వీడియోకాల్ చేసి బెదిరించేవారు చెలామణిలోకి తెచ్చిన నాణెమది. దానిని కొటేషన్ గుర్తులైనా లేకుండా వార్తల్లో వాడడమంటే దొంగనాణేన్ని మారకంలోకి అనుమతించడమే. ఈ తరహా నేరానికి విశ్రాంత ఉద్యోగులూ, వైద్యులూ, ఉన్నత విద్యావంతులూ బలవుతున్నారు. 'అత్యాశ', 'నిరక్షరాస్యత' అనే పాత వివరణలు ఇక్కడ పనిచేయవు. చట్టానికి భయపడే మంచి పౌరులు కావడమే వారు చేసిన తప్పు.

ఏ తప్పూ చేయని వేళ్లు

బాధితుడి లోపం వల్లనే మోసం జరుగుతుందన్న ఊహను పూర్తిగా కూల్చిన ఉదంతం తెలంగాణలోనే జరిగింది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల ప్రతులను అతడు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలకు రబ్బరుస్టాంపుల్లాంటి నకళ్లు తయారుచేశాడు. దస్తావేజులోనే దొరికిన ఆధార్ వివరాలతో వాటిని యంత్రానికి చూపి వేలకొద్దీ సిమ్‌కార్డులకు ప్రాణం పోశాడు. ప్రధానోద్దేశం అమ్మకాల లక్ష్యాన్ని చేరుకోవడం.

ఈ ఉదంతంలో బాధితులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఏ లింకునూ నొక్కలేదు, ఓటీపీ చెప్పలేదు, ఆశపడలేదు. వారు చేసిందల్లా భూమి కొనడం, లేదా అమ్మడం. తమ పేరున సిమ్‌కార్డు ఉన్నదని కూడా వారికి తెలిసే వీలు లేదు. 'మోసపోయారు' అన్న క్రియ ఇక్కడ అన్వయించదు. 'బురిడీ' అసలే అన్వయించదు. తెలుగుభాష ఈ నేరం ముందు మాట లేక నిలబడిపోయింది.

దస్తావేజు మీదికి వేలిముద్ర ఎలా వచ్చిందో కూడా చూడాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 2001లో 32ఎ సెక్షన్ చేరింది. దాని ప్రకారం స్థిరాస్తి బదిలీ దస్తావేజు మీద కొన్నవారివీ అమ్మినవారివీ ఫొటోలు, వేలిముద్రలు ఉండాలి. ఒకరి భూమిని వేరొకరు దొంగపేరుతో అమ్మకుండా అడ్డుకొనే ఉపాయమది. అదే చట్టంలోని 57వ సెక్షన్ ఆ రికార్డును ఎవరైనా చూడవచ్చునంటుంది. కాగితాలు కార్యాలయపు బీరువాలో ఉన్నంతకాలం ఈ రెండు నియమాలకూ పేచీ రాలేదు. బీరువా వెబ్‌సైటు అయ్యాక, ఆధార్ వేలిముద్రను తాళంచెవిగా మార్చాక, రక్షణ కోసం తీసుకున్న ముద్రే దొంగకు ముడిసరుకైంది. ఎవరూ దురుద్దేశంతో చేసింది కాదు. దురుద్దేశం లేనంత మాత్రాన బాధ్యత లేదనడం కుదరదు.

వేలిముద్ర చరిత్ర కూడా నిష్కల్మషమైనది కాదు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి, రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారు చేత ఒప్పందపత్రం వెనుక అరచేతి ముద్ర వేయించుకున్నాడు. తరువాత మాట తప్పకుండా భయపెట్టడమే ఉద్దేశమని ఆ అధికారే రాసుకున్నాడు. ముద్ర అడిగినవాడు ముద్ర వేసినవాణ్ణి అనుమానించాడు. ఆ ముద్రను అడిగినవాడు ఎలా కాపాడతాడన్న ప్రశ్న ఆనాడు తలెత్తలేదు.

కేతన చేతిలోని రెండు పుస్తకాలు

దొంగను మెచ్చుకొనే అలవాటు తెలుగుకు పత్రికలతో వచ్చింది కాదు. 13వ శతాబ్ది కవి మూలఘటిక కేతన, దండి సంస్కృత గద్యకావ్యాన్ని దశకుమారచరిత్రముగా తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. అందులోని అపహారవర్మ జూదం, కన్నాలు వేయడం తెలిసిన రాకుమారుడు. చంపానగరంలోని లోభుల సొమ్ము దోచి, మోసానికి గురైనవారికి తిరిగి దక్కేలా చేస్తాడు. పాఠకుడి అభిమానం అతడి వైపే ఉంటుంది. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు కన్నాన్ని ఒక కళగా భావిస్తాడు. ఇల్లు పేదదని గ్రహించి కాసేపు వెనుకాడతాడు కూడా. సాహిత్యంలోని ఈ దొంగలకు ఒక నియమం ఉన్నది, ఆ నియమానికి ఆధారం చూపు. కన్నంలోంచి లోపలికి దూరినవాడికి ఇల్లు కనబడుతుంది. దించుకున్న దస్తావేజులో ఇల్లు కనబడదు. సర్వే నంబరు, ఆధార్ సంఖ్య, ఒక నల్లటి ముద్ర కనబడతాయి. అపహారవర్మకు ఇచ్చిన మెప్పును 'ఘరానా' అన్న మాటతో నేటి నేరస్థుడికి బదిలీ చేయడం సాహిత్యదృష్టితో చూసినా పొరపాటే.

అయితే కేతన మరో పుస్తకం కూడా రాశాడు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను అనుసరించిన విజ్ఞానేశ్వరీయము అది, తెలుగులో ధర్మశాస్త్రాన్ని పద్యరూపంలో చెప్పిన తొలి గ్రంథం. మితాక్షర పుట్టింది కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో. అంటే నేటి బీదరు జిల్లా బసవకల్యాణ్, బంట్వారం ప్రాంతానికి మరీ దూరం కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారకాండలో దొంగలు ఎత్తుకుపోయిన సొమ్మును రాజు ప్రజలకు ఇప్పించాలన్న నియమం ఉన్నది. ఇప్పించకపోతే ఆ దోషం రాజుకే చుట్టుకుంటుంది. దొంగ జాడ ఊరు దాటి వెళ్లినట్టు తేలకపోతే గ్రామాధికారిదే దోషమన్న నియమమూ ఉన్నది. దక్షిణాదిన బ్రిటిషు పాలన తొలినాళ్ల దాకా నడిచిన కావలి వ్యవస్థలో కూడా కావలిరుసుము పుచ్చుకున్నవాడు పోయిన సొత్తుకు పూచీ పడేవాడు. ధర్మశాస్త్రాల వర్ణభేదాలను గానీ, కావలిదార్ల దౌర్జన్యాలను గానీ వెనకేసుకురావలసిన పని లేదు. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటన్నదే ఇక్కడ ముఖ్యం. 'నువ్వెందుకు జాగ్రత్తగా లేవు' అన్నది కాదు, 'కాపలా ఎవరిది' అన్నది.

నేటి చట్టం ఈ ప్రశ్నకు సగమే జవాబిస్తుంది. ఇతరుల వేలిముద్ర వంటి గుర్తింపును మోసపూరితంగా వాడినవాడికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు ఉన్నది. సమాచారాన్ని భద్రపరచనివారు పరిహారం చెల్లించాలన్న 43ఎ సెక్షన్ మాత్రం వాణిజ్యసంస్థలకు రాసినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణచట్టం భద్రతాలోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పెట్టింది. ఆ సొమ్ము చేరేది కేంద్ర సంచితనిధికి, బాధితుడికి కాదు. పైగా చట్టప్రకారం బహిరంగపరచవలసిన వివరాలకు ఆ చట్టం వర్తించదు. దొంగను శిక్షించడం విషయంలో కేతన కాలం కంటే చాలా దూరం వచ్చాం. పోయినవాడికి ఇప్పించడం విషయంలో అంత ధీమాగా చెప్పలేం.

సిగ్గు ఖరీదు

పదజాలం గురించి ఇంత పట్టుదల ఎందుకన్న సందేహం న్యాయమైనదే. నవ్వులాట మాటలవల్ల ఎవరి సొమ్మూ పోదు కదా అనవచ్చు. పోతుంది, దానికి లెక్క కూడా ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న వాణిజ్యబ్యాంకులకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, బ్యాంకు లోపమూ ఖాతాదారు లోపమూ కాక వేరెక్కడో జరిగిన చొరబాటువల్ల సొమ్ము పోతే, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టభారం ఉండదు. 4 నుంచి 7 పనిదినాలైతే పరిమితభారం పడుతుంది. ఆ తరువాత సంగతి బ్యాంకు విధానం మీద ఆధారపడుతుంది. 1930 నంబరుకు ఫోన్ చేసినా అంతే. సొమ్ము ఖాతాలు మారకముందే ఆపగలిగితేనే దానికి ప్రయోజనం.

నెత్తిన టోపీ పెట్టించుకున్నవాడిగా ఊళ్లో నవ్వులపాలవుతానని, ఇంట్లోవాళ్లకే చెప్పుకోలేక మనిషి ఊరుకున్న ప్రతి రోజూ ఈ లెక్కలోంచి తరుగు. దాచిన సొమ్మో, కందులు అమ్మిన సొమ్మో పోతే కొడుకుకు చెప్పడానికి జంకే తండ్రికి 'అత్యాశకు పోయి' అన్న వార్తావాక్యం ముందే తెలుసు. అదే సర్క్యులర్‌లో ఖాతాదారు నిర్లక్ష్యంవల్ల జరిగిన నష్టాన్ని, ఫిర్యాదు చేసేదాకా ఖాతాదారే భరించాలని ఉన్నది. బాధ్యత ఖాతాదారుదేనని నిరూపించే భారం మాత్రం బ్యాంకుదే. కాని 'నా తప్పే' అని ముందే నమ్మించబడిన మనిషి ఆ నిరూపణను ఎవరినీ అడగడు. బంట్వారంలాంటి చోట ఇంకొక మెలిక. బ్యాంకు పంపిన సందేశం చదవలేని మనిషికైనా, అది ఫోనుకు చేరిన మరునాటి నుంచే రోజులు లెక్కకు వస్తాయి.

రక్షణకు చెప్పే సలహాల్లో కూడా ఈ వాలు కనిపిస్తుంది. ఆధార్ బయోమెట్రిక్‌ను తాళం వేసుకొమ్మని అవగాహన కార్యక్రమాల్లో చెబుతారు. సలహా మంచిదే. కాని నమోదైన ఫోన్‌నంబరు దగ్గర లేనివారు ఆ పని చేయలేరు. చేసినవారు మళ్లీ తెరిస్తే తప్ప వేలిముద్రతో బియ్యమూ, నగదూ తీసుకోలేరు. సంకేతపదం బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. 2018 ఉదంతంలో రబ్బరు నకలును యంత్రం అంగీకరించింది. ఏళ్ల తరబడి కలుపు తీసి, పత్తి ఏరి గీతలు అరిగిన నిజమైన వేలిని మాత్రం ఎన్నోసార్లు తిప్పికొడుతుంది. అప్పుడు యంత్రం దగ్గర వినిపించే మాట 'వేలు పడలేదు'. ఆ వాక్యంలో కూడా కర్త వేలే. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది.